సాంచా ఏ భాష మాట?

"సాంచా" తెలుగు కాదట. మరాఠీ వాళ్ల మాటట, మనం "మరమగ్గం" అనాలట. మనవాళ్లలోనే చదువుకున్న పెద్దమనుషులు కొందరు ఈ మాట అంటుంటరు. సాక్ష్యం ఏందంటే, వాళ్లు చూసిన నిఘంటువులో లేదు. అంతే, కేసు కొట్టేసినట్టే.

నాకు ఈ తీర్పు నచ్చదు. ముంబైలో పుట్టిన అభిమానం కొంత ఉందనుకోండి, కానీ అసలు సంగతి అది కాదు. నిఘంటువులోకి మాటలు ఏ దారిన పోతాయో చూస్తే ఈ సాక్ష్యం నిలబడదు.

ముందు ఇంగ్లీషు సంగతి. నిఘంటువు అనగానే మన మనసులో ఉండే బొమ్మ ఆక్స్‌ఫర్డ్‌దే కదా. 1857లో లండన్‌లో మొదలైన ఆలోచన అది. 1884లో మొదటి భాగం వచ్చింది, 1928కి గాని పూర్తి కాలేదు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదివి, మాట కనబడ్డ వాక్యాన్ని చీటీ మీద ఎత్తి రాసి పంపేవాళ్లు. చీటీ ఉంటే మాట ఉన్నట్టు. ఈ పద్ధతి మీద నాకు గౌరవమే. మాట మంచిదా చెడ్డదా అని అడగదు, వాడినరా లేదా అనే అడుగుతుంది. వాడకం పోయిన మాటను కూడా బయటికి నెట్టదు. కానీ అక్కడ "వాడినరా" అంటే "రాసినరా" అని. ఈ చిన్న తేడాలోనే మన కథంతా ఉంది.

ఆ గడప దాటిన తెలుగు మాటల్లో పేరున్నది పందికొక్కు. ఇక్కడికి వచ్చిన దొరలు తమ రాతల్లో ఎక్కించుకున్నరు కాబట్టి "బాండికూట్" అయి కూర్చుంది. తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు మూతి ఉన్న ఇంకేదో జంతువుకు అదే పేరు తగిలించినరు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. కామాఠీపురా గటర్ల పక్కన తిరిగే అసలు దాన్ని మన పిల్లలు "ఘూస్" అంటరు, అది వేరే సంగతి. "చాల్" కూడా ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది, మరాఠీ నుంచి వచ్చిన మాటగా. అంటే మన ఇంటికి చోటు దొరికింది, ఇంటి కింద ఎలుకకూ దొరికింది. ఇంట్ల మాట్లాడిన తెలుగును మాత్రం ఎవరూ చీటీ మీద రాయలేదు.

దొరలను అని ఏం లాభం? మన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. అది కావ్యాలను సాక్ష్యంగా పెట్టుకుంది. మిల్లు కూలీ కావ్యంలో ఎక్కడ దొరుకుతడు? ఆ లోటు చూసి భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టినరు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. పుస్తకాన్ని పక్కనపెట్టి, పని చేసేవాడి నోటి నుంచి మాట తీసుకోవడం మన భాషకు జరిగిన పెద్ద మేలు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీది. తెలుగును నాలుగు మండలాలుగా పంచుకుంటే ఆ నాలుగూ రాష్ట్రం హద్దులోనే ఉన్నయి. పైగా అది చేనేత కోశం. మగ్గం వదిలి మిల్లు సాంచా పట్టిన పద్మశాలి రెండు హద్దుల అవతల పడ్డడు.

ఆ అవతల ఏముందో చెప్పాలె. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, బురద నేలలు ఎండి పూడ్చినంక, ఆ శతాబ్దం చివర నుంచి తెలంగాణ కూలీలు వచ్చి దిగిన చోటే కామాఠీపురా. కామాటి అంటే పనివాడు. హైదరాబాద్ పాత బస్తీల కూడా ఒక కామాటిపుర ఉంది, మరాఠీ నోట్ల "ట" కాస్తా "ఠ" అయింది గాని మాట ఒకటే. రాళ్లు మోసి ఊరు కట్టినోళ్ల పేరు బంబై పటం మీద మిగిలింది. తర్వాత మిల్లులొచ్చినయి. వర్లీ దిక్కు చాల్లలో పద్మశాలీలు నిండినరు. మిల్లుల ప్రతి విభాగం ఒక "ఖాతా", నేసే విభాగం "సాంచా ఖాతా". మన తాతలు ఈ మాటలను మరాఠీ కామ్‌గార్ల పక్కన నిలబడి నేర్చుకున్నరు.

ఇప్పుడు సిరిసిల్లకు పోండి. మరమగ్గాన్ని అక్కడ ఏమంటరు? సాంచా. "సాంచాలు నడుస్తలేవు" అంటరు, "సాంచల మీద బతుకుతున్నం" అంటరు. మరమగ్గం అనేది ప్రభుత్వ కాగితంలో, పేపర్లో. పేపర్లో కూడా ఒక్కోసారి పక్కన సాంచా అని రాయక తప్పదు, లేకపోతే ఊళ్లో చదివేవాడికి ఆనదు. భివండీ, షోలాపూర్, బంబైల మధ్య తిరిగిన నేతగాళ్లతోనే ఈ మాటకు తెలంగాణతో చుట్టరికం. నడిబొడ్డు తెలుగు ఊళ్లో, తెలుగువాళ్లు తెలుగులో అనే మాట తెలుగు కాకపోతే మరేంది?

అట్లయితే చాల్ల వినబడే ప్రతి మాటా తెలుగేనా అని అడగొచ్చు. కాదు. మా పిల్లగాడు "చల్ నా యార్" అంటే అది తెలుగు కాదు, ఆ క్షణం వాడు హిందీలోకి దూకిండు, మళ్లీ వస్తడు. నా గీటురాయి మన విభక్తులే. సాంచాకు "లు" తగిలింది, "మీద" తగిలింది. "ఖాతాల పని", "చాల్ల ఉంటం" అంటున్నం. మన ప్రత్యయం ఎక్కి, ఒకరిద్దరి నోట కాక ఊరి నోట, ఒక తరం దాటి నిలబడితే ఆ మాటకు మన ఇంటి పేరు వచ్చినట్టే. ఎంతమంది రాసినరు అనేది తర్వాతి లెక్క.

ఇదేం కొత్త వాదన కాదు. 17వ శతాబ్దంలోనే అప్పకవి దీనికి చోటు పెట్టిండు. ఆంధ్రులు పరాయి దేశాల్లో కాపురం ఉండి, అక్కడి మాటలను తెలుగుతో కలిపి వాడగా, అవి కూడా ఆంధ్ర పదాలే అయినయని, అన్యదేశ్యం కింద చెప్పిండు. 1816లో ఎల్లిస్ దొర తెలుగు మీద రాసిన వ్యాసంలో ఆ మాటను ఎత్తి చూపిండు. వలసపోయినోడి నోటికి వ్యాకరణంలో ఒక గది ఉండేదన్నమాట. 19వ శతాబ్దంలో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చినంక మన చదువుల్లో గ్రామ్యం అంటే భయం పెరిగింది, ఆ గదికి తాళం పడింది. "సాంచా తెలుగు కాదు" అనే పెద్దమనుషులు సంప్రదాయం పేరు మీదనే మాట్లాడతరు, కానీ అప్పకవి వాళ్ల కంటే ఉదారుడు.

1982 జనవరి సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డయి. బీడీడీ చాళ్లు కూల్చి టవర్లు లేపుతున్నరు, కామాఠీపురా గల్లీలకూ అదే రాత ఉంది. కార్పొరేషన్ బడిలో తెలుగు చదివిన తరానికి నెత్తి నెరిసింది. ఖాతా పేరు, పాళీ పేరు, యంత్రంలో ఒక్కో భాగం పేరు ఆ తలల్లోనే ఉన్నయి. చీటీ పద్ధతి మనకూ చేతనవుతుంది. మాట, అన్న మనిషి ఊరు, వయసు, ఏ మిల్లు, అన్న వాక్యం ఉన్నది ఉన్నట్టు. దిద్దొద్దు.

మొదటి చీటీ "ఖాతా"తో పెడుతున్న. మీ ఇంట్ల పెద్దోళ్లను ఖాతా అంటే ఏందని అడగండి. బ్యాంకు అంటరా, మిల్లు అంటరా?