పాట వెంట పేరు ప్రయాణిస్తుందా? – ‘మకరేనా’, ‘నక్కిలీసు గొలుసు’ గీతాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్పానిష్ భాషలో పుట్టి 1996లో ప్రపంచవ్యాప్తమైన ‘మకరేనా’, ఉత్తరాంధ్ర జానపదంగా 2020లో తెలుగువారందరికీ చేరువైన ‘నక్కిలీసు గొలుసు’ – ఈ రెండూ హుషారైన ఆటపాటలు. రెండూ మాటకన్నా ముందు అడుగు ద్వారా శ్రోతను చేరాయి. అయితే మొదటి పాటలో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో చెప్పగలం. రెండవ పాటకు ‘జానపదం’ అన్న ఒక్క మాటే చిరునామా. ఈ తేడా రసాస్వాదనకు అడ్డుకాకపోయినా విమర్శకు అడ్డవుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జానపద గేయం, పాఠాంతరం, కర్తృత్వం, ఉత్తరాంధ్ర మాండలికం, ఆదరణ.

1. ఉపోద్ఘాతం:

ఉత్తరాంధ్ర పాట తన ఊరి పేరును వెంట తీసుకుపోవడం కొత్త కాదు. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, పునర్విభజన తరువాత విజయనగరం జిల్లాలో చేరిన రాజాం ఇందుకు మంచి ఉదాహరణ. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని పాడిన కథాగాయకులు తాండ్ర పాపారాయుడితో పాటు రాజాం పేరునూ తెలుగునేల నలుమూలలకు చేర్చారు. వీరగాథలో మనిషి పేరు, ఊరి పేరు కథకు ప్రాణం. కాబట్టి అవి చెరిగిపోవు. ఆటపాటలో కథ పలుచన, లయ ప్రధానం. అక్కడ పేర్లు త్వరగా జారిపోతాయి. ఆ జారుడు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి, ప్రతి దశా నమోదైన ఒక పరభాషా గీతాన్ని పక్కన పెట్టుకొని చూడటం ఉపకరిస్తుంది.

2. ‘మకరేనా’ – నమోదైన మార్పులు:

స్పెయిన్‌లోని సెవిల్ నగరానికి సమీపాన ఉన్న దోస్ ఎర్మానాస్ పట్టణానికి చెందిన ఆంతోనియో రొమేరో, రఫాయెల్ రూయిస్ ‘లోస్ దెల్ రియో’ పేరుతో జంటగా పాడేవారు. 1992లో వెనిజులాలో ఒక నర్తకి ఫ్లమెంకో నృత్యం చూసి రొమేరో ఆశువుగా పలికిన మాటలే ఈ పాటకు మొలక. 1993లో అది రికార్డుగా వెలువడింది. మకరేనా అన్నది సెవిల్‌లో ఒక పేట పేరు, అక్కడి మేరీమాత పేరు కూడా. అంటే పల్లవిలోనే ఊరు ఉంది.

చరణాలలోని కథ అంత అమాయకమైనది కాదు. ప్రియుడు సైన్యంలో చేరి ప్రమాణస్వీకారం చేస్తూండగా, మకరేనా అతని స్నేహితులిద్దరితో కాలక్షేపం చేస్తుంది. ఈ సంగతిని చెప్పేది మగగొంతులు. ఒక రకంగా ఇది రచ్చబండ దగ్గర మగవాళ్లు చెప్పుకొనే ఊసు.

అనంతరం మయామీకి చెందిన ‘బేసైడ్ బాయ్స్’ ఒక రేడియో కేంద్రం కోసం ఈ పాటను తిరిగి కూర్చారు. ఇంగ్లీషు చరణాలు చేర్చి ప్యాట్రీషియా ఆల్ఫారో చేత పాడించారు. ఈ రూపమే 1996 ఆగస్టు నుండి అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 14 వారాలు ప్రథమస్థానంలో నిలిచింది. అదే నెలలో షికాగోలో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో ప్రతినిధులు సైతం ఈ పాటకు ఆడారు.

కొత్త చరణాల వల్ల జరిగిన మార్పు కేవలం భాషకు సంబంధించినది కాదు. మూలంలో నలుగురి నోళ్లలో నానిన స్త్రీ ఇక్కడ ‘నేను’ అంటూ తానే మాట్లాడింది. నింద సరసోక్తిగా మారింది. ఈ పరిశీలన సాధ్యమైనది ఎందువల్ల? 1993 నాటి పాఠం, బేసైడ్ బాయ్స్ పాఠం రెండూ పేర్లతో, తేదీలతో మన ముందున్నాయి కనుక.

3. ‘నక్కిలీసు గొలుసు’ – మాట, గొంతు:

కరుణకుమార్ దర్శకత్వంలో వచ్చిన ‘పలాస 1978’ చిత్రం 2020 మార్చి 6న విడుదలైంది. కులవివక్షను, జీడిపరిశ్రమ చుట్టూ అల్లుకున్న ఆధిపత్యాన్ని చిత్రించిన ఈ సినిమాలో ‘నక్కిలీసు గొలుసు’ పాటకు సంగీతం సమకూర్చి పాడినవారు రఘు కుంచె. సాహిత్యాన్ని ఉత్తరాంధ్ర జానపదంగా పేర్కొన్నారు.

‘నెక్లెస్’ అన్న ఇంగ్లీషు మాట ఇందులో తెలుగు ఉచ్చారణకు పూర్తిగా లొంగింది. సంయుక్తాక్షరం విడిపోయి మధ్య ఇకారం వచ్చింది. ‘క’కారం ద్విత్వమైంది. చివర ఉకారం చేరి మాట అజంతమైంది. దానికి ‘గొలుసు’ జతపడగానే రెండు పదాల చివర ‘సు’ అనే అంత్యప్రాస సిద్ధించింది. అర్థదృష్టితో చూస్తే నక్కిలీసు వేరు, గొలుసు వేరు. లయదృష్టితో అవి ఒకటే నగ. ‘పడింది’ అనడానికి బదులు వినిపించే ‘పడ్డాది’ వంటి రూపం పాట పుట్టిన సీమను పట్టిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి తన మాండలిక పరిశోధనలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలను పూర్వమండలంగా వేరుచేసి చూపారు. ఆ మండలపు క్రియారూపాన్ని సవరించకుండా ఉంచడం ఈ చిత్రగీతంలోని మెచ్చదగిన గుణం.

విమర్శకు అసలు చిక్కు గొంతు దగ్గర ఉంది. జారిపోయిన నగ పక్కన పడిందేమో చూడమని ఒక పిల్లను అడగడం పల్లవి సారాంశం. అడుగుతున్నది ఎవరు? నక్కిలీసు స్త్రీల ఆభరణం. మెడగొలుసును మగవారూ ధరిస్తారు. అడిగేది స్త్రీ అయితే ఇది సావాసగత్తెల మధ్య మాట. వస్తువు పోయిన కలవరం అందులో నిజం. అడిగేది పురుషుడైతే గొలుసు ఒక నెపం, పలకరింపే అసలు పని. చిత్రంలోని మగగొంతు రెండవ అర్థం వైపు మొగ్గేలా చేస్తుంది. పల్లెలో ఈ పాటను ఎవరు, ఏ సందర్భంలో పాడతారన్నది చిత్రగీతం నుండి తేలదు. పాఠాంతరాల నుండే తేలాలి.

4. ఆదరణ – అడుగు ముందు, అర్థం వెనుక:

చిత్రం విడుదలైన మూడువారాల లోపే, మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. థియేటర్లు మూతపడ్డాయి. పాట మాత్రం చేతిలోని ఫోనుల మీదుగా ఇంటింటికీ చేరింది. టిక్‌టాక్‌లో దుర్గారావు దంపతులు దీనికి వేసిన అడుగులు సినిమా చూడనివారికి కూడా పాటను పరిచయం చేశాయి. అదే ఏడాది జూన్ 29న భారతప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినా పాట ఆగలేదు.

‘మకరేనా’ ఆదరణ కూడా ఇట్టిదే. చేతులు చాచి, అరచేతులు తిప్పి, భుజాలు, తల, నడుము తాకి, పావు చుట్టు తిరిగే ఆ ఆటకు స్పానిష్ రానక్కరలేదు. ప్రియుడిని ఏమార్చిన కథను పెళ్లివిందులలో పిల్లలతో కలిసి ఆడగలిగారంటే, అడుగు అర్థాన్ని పక్కకు నెట్టిందనే అర్థం.

అయితే ఉత్తరాంధ్రలో అడుగుకూ మాటకూ ఉన్న సంబంధం వేరు. తప్పెటగుళ్లలో కళాకారుడు రొమ్ముకు కట్టుకున్న తప్పెటను తానే వాయిస్తాడు, తానే పాడతాడు, తానే ఎగిరి ఆడతాడు. గొంతు, వాద్యం, అడుగు ఒకే దేహంలో ఉంటాయి. చిత్రగీతం వీటిని గాయకుడికి, స్టూడియోకు, నటుడికి పంచింది. ఫోను వీడియో అడుగును తిరిగి సామాన్యుడికి ఇచ్చింది కాని, గొంతును ఇవ్వలేదు. ఆడేవాని పెదవులు కదులుతాయి, వినిపించేది రికార్డు. ఒకే పాఠం లక్షలసార్లు మోగినప్పుడు అదే మూలపాఠమన్న భ్రమ కలుగుతుంది. జానపద గేయానికి ఇంతకు మించిన ప్రమాదం లేదు.

5. ‘జానపదం’ అన్న చిరునామా:

సాహిత్యాన్ని తమదని చెప్పుకోక ‘జానపదం’ అని ప్రకటించడం నిజాయితీ గల పని. అది ఆరంభం మాత్రమే. జానపదం ఒక రచయిత పేరు కాదు. పాడినవారు, విన్నవారు, మార్చినవారు ఉన్న ఒక పరంపర పేరు. ఆ పరంపరలో ఏ ఊరి, ఎవరి నోటిపాట స్టూడియోకు చేరిందో చెప్పనప్పుడు గౌరవం ప్రాంతానికి దక్కి మనిషికి దక్కదు.

జనంలో కలిసిన ప్రతి పాటా అజ్ఞాతకర్తృకం కానక్కరలేదని ఇదే నేల చెబుతుంది. శ్రీకాకుళ పోరాటస్మృతితో వంగపండు ప్రసాదరావు రాసిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాటను ఎందరో జానపదమనే అనుకొని పాడుకున్నారు. దానికి కర్త ఉన్నాడని తెలిసినందువల్లనే, ఆ పాట పిలుపు ఉద్యమానికి సంబంధించినదని, సరసానిది కాదని విమర్శకుడు గట్టిగా చెప్పగలుగుతున్నాడు.

6. ముగింపు:

‘నక్కిలీసు గొలుసు’ విజయం ఉత్తరాంధ్ర నుడికారానికి దక్కిన విజయం. దానిని తక్కువ చేయవలసిన పని లేదు. కాని రొమేరో ఆశువు నుండి మయామీ రికార్డు వరకు ‘మకరేనా’ను దశలవారీగా చదవగలిగిన మనం, పలాస, రాజాం పరిసరాల పాటను కూడా అలా చదవగలగాలి. అందుకు పాడేవారి పేరు, ఊరు, సందర్భం, పాఠం నాలుగింటినీ కలిపి నమోదుచేసే క్షేత్రపరిశోధన అవసరం. చిత్రనిర్మాతలు ‘జానపదం’ అన్న మాట పక్కన పాట ఇచ్చినవారి పేరు కూడా వేయడం అందులో మొదటి మెట్టు. ఆ పేరు తెలిసిన రోజున, గొలుసు పోగొట్టుకున్నది ఎవరన్న ప్రశ్నకు కూడా పాడినవారి నోటనే సమాధానం వెతకవచ్చు.