డొంకకు తగ్గ బండి

ఆ ఏడాదంతా నా చొక్కా జేబులో ఒక అయస్కాంతం ముక్క ఉండేది. పాడైన స్పీకరులోంచి పీకింది. అటు పామర్రు, ఇటు కంకిపాడు, ఎక్కడ పాత జీపు అమ్మకానికి ఉందని తెలిసినా వెళ్లేవాణ్ణి. అమ్మేవాడు టీ చెప్పి వచ్చేలోగా ఆ ముక్కను బండి ఒంటికి అక్కడక్కడా ఆనించి చూసేవాణ్ణి. పట్టుకుంటే ఇనుము, జారిపడితే లప్పం. తుప్పు మీద లప్పం, లప్పం మీద ముదురాకుపచ్చ రంగు, రంగు మీద ఓనరు గారి పొగడ్తలు. ఒక బండికైతే డ్రైవరు సీటు కింద జానెడు మేర అసలు ఇనుమే లేదు.

ఎందుకీ తిప్పలంటే, తోట్లవల్లూరు దగ్గర లంకలో మాకు కాస్త అరటి, కాస్త పసుపు ఉంది. వేసవిలో ఏటి పాయలో ఇసుక దాటాలి. వానల్లో కరకట్ట దిగాక డొంకలో బురద దాటాలి. ఏరు నిండిందంటే ఇక పడవే, ఆ నాలుగు రోజులూ ఏ జీపూ పనికిరాదు. ఫోర్ బై ఫోర్ కొంటానంటే మా బావమరిది పడీ పడీ నవ్వాడు. "ఉయ్యూర్లో కొండలెక్కడున్నాయి బావా?"

కొండలు లేకపోవడమే మా కష్టం. రాతి మీద చక్రం జారినా కింద రాయే ఉంటుంది. మా ఒండ్రునేలలో కింద ఏముందో దిగితే గానీ తెలియదు, దిగాక తెలిసి లాభం లేదు.

అప్పట్లో కొత్త థార్ పది లక్షల పైమాట. అంత పెట్టి కొన్న బండిని తుమ్మకంపల మధ్యకు తోలాలంటే నా చెయ్యి రాదు. మిగిలినవి రెండే: మారుతి జిప్సీ, మహీంద్రా పాత జీపు. జిప్సీ 1985 చివర్లో 970 సీసీ పెట్రోలు ఇంజనుతో వచ్చింది. 1996లో 1298 సీసీతో జిప్సీ కింగ్ అయింది. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టారు. మన పల్లెల్లో పోలీసు జీపు, బ్లాకాఫీసు జీపు, ఎన్నికల జీపు అన్నీ ఆ వంశానివే. నేను వెతికింది ఎంఎం 540, ప్యూజో లైసెన్సుతో చేసిన 2112 సీసీ డీజిల్ ఇంజను ఉన్నది.

ఈ రెండింట్లో ఏది మంచిదంటే నా జవాబు పూటకోలా మారుతుంది. ఇసుకలో జిప్సీయే. టన్నుకు లోపు బరువు, తేలిపోతుంది. బరువు సంగతి ఈ జాతి బళ్లకు పుట్టుకతోనే ఉంది. 1940లో అమెరికా సైన్యం జీపు కావాలని కంపెనీలను పిలిచినప్పుడు బండి 1300 పౌన్లు, అంటే 590 కిలోలు దాటకూడదని షరతు పెట్టింది. ఎవరివల్లా కాలేదు, చివరికి సైన్యమే ఆ పరిమితి పెంచుకోవాల్సి వచ్చింది. అయినా ఆ ఆలోచన తప్పు కాదు. ఇరుక్కున్న బండిని నలుగురు పట్టి తోసేంత తేలిగ్గా ఉండాలని కోరుకోవడంలో మతలబు బురదలో దిగినవాడికి తెలుస్తుంది. ఎనభై ఏళ్ల తర్వాత మనం అవే బళ్లకు ముందో ఇనప గేటు, వెనకో ఇనప గేటు, పైన ఇంకో ఇనప మంచం ఎక్కిస్తున్నాం.

ఇంత చెప్పీ నేను కొన్నది జీపే. కారణం చిన్నది. జిప్సీకి ఏదైనా అయితే బెజవాడ పోవాలి. జీపుకి అయితే ఊళ్లో ట్రాక్టరు మెకానిక్కు పానా పట్టుకుని వస్తాడు.

కొనే ముందు ఒక దెబ్బ తిన్నాను. ఒక బండి నచ్చి ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చి, ఆ తర్వాత ఆటోనగర్ మేస్త్రి గారిని వెంటబెట్టుకెళ్లాను. చెయ్యాల్సింది తిరగేసి చేశానన్నమాట. బెజవాడ జవహర్ ఆటోనగర్ 1960లలో మొదలైంది. బాడీ కట్టేవాళ్లు, లేత్ పట్టేవాళ్లు, కమాన్లు సాగదీసేవాళ్లు, పాత ఇనుము తూకానికి కొనేవాళ్లు ఒకచోట కాపురం ఉన్నట్టుంటారక్కడ. ఈ మేస్త్రి గారు నలభై ఏళ్లుగా గేరుబాక్సులు విప్పుతున్న మనిషి. బండి చుట్టూ తిరగలేదు, బానెట్ ఎత్తలేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పక్కనున్న పొట్టి రాడ్డు ఫోర్ బై ఫోర్‌లోకి లాగి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, "చేత్తో తిప్పండి బాబుగారూ" అన్నారు. అది తిరక్కూడదు. రంగులరాట్నంలా గిర్రున తిరిగింది. ఆయన పడుకుని కిందికి చూసి లేచి చేతులు దులుపుకున్నారు. "ముందు షాఫ్టు పీకేశారు. రాడ్డు మాత్రం ఉంచారు, అందం కోసం."

డీజిల్ మిగులుతుందని చాలామంది ఆ షాఫ్టు పీకించి మూల పడేస్తారట. కొన్నాళ్లకు పాత ఇనుము కింద అమ్మేస్తారు. టూ వీల్ డ్రైవ్ జీపులు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి కాబట్టి తెలియనివాడికి ఎవరూ చెప్పరు. ఆ ఇరవై వేలు ఇంకా నాకు వెనక్కి రాలేదు.

రెండో బండికి మేస్త్రి గారే ముందు వెళ్లారు. చాసిస్ నంబరు గుడ్డతో తుడిచి, ఆర్సీ పక్కన పెట్టి అంకె అంకె చదివారు. సైన్యం వేలంలో వచ్చిన బళ్లనీ, హర్యానాలో మండీ డబ్వాలీ నుంచి కొత్తగా కట్టి పంపే జీపులనీ చూసి మనవాళ్లు మోజు పడతారు. వాటిలో మంచివీ ఉంటాయి. కానీ కాగితం ఒక బండిదీ, ఒళ్లు ఇంకో బండిదీ అయితే పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించుకునే రోజున ఆ మోజు ఆర్టీవో ఆఫీసు మెట్ల దగ్గర దిగిపోతుంది.

బండి ఇంటికొచ్చాక అసలు కథ. నా దగ్గర మిగిలింది అరవై వేలు. మా బావమరిది (అప్పటికి నవ్వడం మానేసి సలహాల్లోకి దిగాడు) పైన లైట్ల పట్టీ, ముందు బుల్ బార్, నాలుగంగుళాల లిఫ్ట్ చెయ్యమన్నాడు. బుల్ బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. అదలా ఉంచి, లిఫ్ట్ చేస్తే డొంక మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. ఆ పక్కన పంట కాలువ ఉంటుంది.

మేస్త్రి గారి లెక్క వేరు. ముందు బ్రేకులు. తర్వాత రేడియేటరు, ఎందుకంటే బురదలో బండి మెల్లగా నడుస్తూ ఇంజను గట్టిగా తిరుగుతుంది, గాలి తగలదు. తర్వాత స్టీరింగు జాయింట్లు, షాఫ్టు క్రాసులు, కమాన్ బుష్షులు. నూనె కారే చోటల్లా సీళ్లు. వీటికే నలభై వేలు పోయాయి. బయటికి ఏమీ కనపడలేదు. మా ఆవిడ బండి చుట్టూ తిరిగి "ఇంతకీ ఏం చేయించారు?" అంది. చూపించడానికి ఒక గ్రీజు మరక తప్ప ఏమీ లేకపోయింది.

మిగిలినది టైర్లకు. దీని మీద నాకు ఒక పూట మాట్లాడేంత ఉంది. పాత జీపు అసలు టైరు కొలత 6.00-16. మన ట్రాక్టర్లకు ముందు ఉండే సన్న టైర్ల కొలత కూడా చాలావరకు అదే. వెడల్పు టైర్లు వేసుకుంటే బండికి ఠీవి వస్తుంది, కాదనను. కానీ డొంక అడుగు సంగతి తెలుసుకుని టైరు వెయ్యాలి. తరాల తరబడి ఎడ్లబళ్లు నలగ్గొట్టిన డొంకలో పైన బెత్తెడు జిగురు, కింద గట్టి నేల. సన్న టైరు ఆ జిగురును కోసుకుంటూ దిగి గట్టి నేలను పట్టుకుంటుంది. వెడల్పు టైరు పైపైనే తేలి, బోదె వైపు తనకిష్టమైనట్టు పోతుంది. దమ్ము చేసిన చేలో మాత్రం ఏ టైరూ చాలదు. అక్కడ కేజ్ వీల్ వేసిన ట్రాక్టరే దిగాలి, మనం గట్టున నిలబడాలి. ఇసుకలో లెక్క తిరగబడుతుంది: గాలి తీసి టైరును పల్చగా పరుచుకోనివ్వాలి. రోడ్డు మీద ఇరవై ఎనిమిది పౌన్లు పెడతాను, ఏటి ఒడ్డున పదిహేనుకు దించుతాను. ఎక్కేటప్పుడు పాయలో కూరుకుపోయిన బండి గాలి తీయగానే తనే లేచి రావడం మొదటిసారి చూసినప్పుడు, ఇన్నాళ్లూ ఇంజను మీద పెట్టుకున్న నమ్మకం కాస్త తగ్గింది. గాలి తీయడం నిమిషం పని. తిరిగి పంపుతో కొట్టడానికి అరగంట, నడుము నొప్పి అదనం.

ఇంకో విషయం. పేరు ఫోర్ బై ఫోర్ అయినా నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయనుకోవడం భ్రమ. ముందొక డిఫరెన్షియల్, వెనకొకటి. ఏ పక్క చక్రం తేలిగ్గా తిరిగితే శక్తి ఆ పక్కకే పోతుంది. కుడి పక్క రెండు చక్రాలూ బురదలో ఉంటే అవే తిరుగుతాయి, ఎడమవి చోద్యం చూస్తాయి. అప్పుడు యాక్సిలరేటరు తొక్కేకొద్దీ గొయ్యి తవ్వుకోవడమే. బ్రేకు కొద్దిగా నొక్కి పట్టి లో గేరులో మెల్లగా కదిపితే ఒక్కోసారి అవతలి చక్రానికి బుద్ధి వస్తుంది. తారు రోడ్డెక్కగానే రాడ్డు వెనక్కి తీసెయ్యాలి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి, గట్టి రోడ్డు ఆ తేడాను జారనివ్వదు, గేర్లు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయినప్పుడు, లక్షలు పోసి కొన్న పెద్ద కార్లు అద్దాల దాకా మునిగి ఉండగా ట్రాక్టర్లు పాలు, అన్నం పొట్లాలు మోశాయి. ముఖ్యమంత్రి కూడా జేసీబీ ఎక్కి తిరిగారు. నీళ్లలో బండికి కావాల్సింది గాలి పీల్చే గొట్టం ఎత్తులో ఉండటం. డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు కాబట్టి తడిసినా నడుస్తుంది. పెట్రోలు జిప్సీకి డిస్ట్రిబ్యూటరు తడిస్తే అక్కడితో సరి. అందరూ మరిచేది ఇరుసు. వేడెక్కిన ఇరుసు కాలువ నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, ఏ సందు దొరికితే ఆ సందులోంచి నీళ్లు లాగుతుంది. మర్నాడు నట్టు విప్పి చూస్తే గేరాయిలు పాలెక్కువైన టీలా ఉంటుంది. అలా ఒకసారి నేను చూసుకోలేదు. బేరింగులు మార్చాను.

బండిలో పార, గడ్డపార, నైలాను మోకు, ఒక చెక్క దిమ్మ ఉంటాయి. దిమ్మ లేకపోతే మన నేలలో జాకీ పైకి లేవదు, కిందికి దిగుతుంది. చక్రం కింద వెయ్యడానికి చెరకు ఆకు, వరిగడ్డి, తాటిమట్ట. ఇవి మోసుకెళ్లనక్కర్లేదు, ఉయ్యూరు చుట్టుపక్కల చెయ్యి చాపితే దొరుకుతాయి.

ఇలా తయారు చేశాక జీపును హంసలదీవి తీసుకెళ్లమని పిల్లలు గొడవ. తీసుకెళ్లాను. పాలకాయతిప్ప దగ్గర ఆపేసి సముద్రం దాకా నడిచాం. వాళ్ల మొహాలు మాడాయి. చలికాలం చివర్లో ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నా టైరు సన్నదే కానీ, ఇసుక కింద మూరెడు లోతున ఉన్న గుడ్డుకు ఆ తేడా తెలియదు.

మా డొంకలో నాకు పోటీ ఒక్కడే, టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చే పాలాయన. రెండు వైపులా క్యాన్లు, హ్యాండిలుకు సంచి. నేను ఇరుక్కుని తాటిమట్టలు ఏరుతుంటే రెండు కాళ్లూ నేలకు ఆనించి, గట్టు అంచున జానెడు ఆరిన చోటు చూసుకుని దాటిపోతాడు. ఎప్పుడూ ఆగి నవ్వలేదు, అది ఆయన మర్యాద. కిందటి వానాకాలం చప్టా మీద నీళ్లు పొర్లుతుంటే ఆయన బండి ఆగిపోయింది. క్యాన్లు వెనక పెట్టాం, ఎక్సెల్‌ను మోకుతో జీపు తొట్టిలో కట్టాం. లో గేరులో చప్టా దాటి, డొంకంతా పాకి, కరకట్ట ఎక్కాం. దారంతా ఆయన మాట్లాడలేదు. పైకొచ్చాక నేను బ్రేకు వేసి ఆపితే, క్యాన్ల మూతలు సరిచూసుకుంటూ అన్నాడు.

"బ్రేకు కుడికి లాగుతోందండీ."

నిజమే. ఎడమ డ్రమ్ము ఇంకా ఆరలేదు.