కాలిన ప్రైమర్‌ను చేత్తో తీసేవాళ్లు

అమెరికాలో ఏ షూటింగ్ రేంజ్‌లో చూసినా, కాల్పులు ఆగాక కొందరు నడుం వంచి నేలమీది ఇత్తడి గుల్లలు ఏరుకుంటూ ఉంటారు. తూటా పేలితే గుండు ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. గుల్ల మాత్రం మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వాటా తరచూ ఆ గుల్లదే. జాగ్రత్తగా వాడుకుంటే అది మళ్లీ మళ్లీ పనికొస్తుంది. అలా గుల్లను తిరిగి నింపుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. కాలిపోయిన ప్రైమర్‌ను ఊడదీయడం అందులో తొలి మెట్టు. చాలామంది దీన్ని గబగబా కానిచ్చేసి ముందుకు పోతారు. గుల్ల ఇంకా పనికొస్తుందో లేదో చేతికి తెలిసేది ఇక్కడేనని నా నమ్మకం.

ప్రైమర్ అంటే గుల్ల అడుగున బిగించి కూర్చోబెట్టిన చిన్న లోహపు గిన్నె. రైఫిల్ తూటాల పెద్ద ప్రైమర్ వ్యాసం 5.3 మిల్లీమీటర్లు, చిన్నదానిది 4.4. ఫైరింగ్ పిన్ను దెబ్బకు దాని లోపలి రసాయనం భగ్గుమని, అడుగునున్న సన్నని రంధ్రం గుండా అసలు మందును అంటిస్తుంది. నిప్పు పైకి వెళ్లిన ఆ దారినే, గుల్ల మూతిలోంచి సన్నని పిన్నును దించి కాలిన ప్రైమర్‌ను కిందికి నెట్టేస్తారు.

పని ఇంత సులువు కావడం వెనక ఎడ్వర్డ్ బాక్సర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఉన్నారు. 1866లో ఆయన పేటెంట్ తీసుకున్న పద్ధతిలో దెబ్బ తట్టుకునే చిన్న దాగలి ప్రైమర్ లోపలే ఉంటుంది. గుల్లకు నడిమధ్య ఒకే రంధ్రం చాలు. అదే ఏడాది అమెరికన్ అధికారి హైరమ్ బెర్డాన్ దాగలిని గుల్ల అడుగులోనే మలిచి, దాని పక్కన రెండు సన్న రంధ్రాలు పెట్టారు. నిలువుగా దించిన పిన్నుకు అక్కడ దారి దొరకదు. బ్రిటిష్ వారి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికన్ పద్ధతి యూరప్‌లో చాలా సైన్యాలకు నచ్చింది. అమెరికాలో రీలోడింగ్ ఇంటింటి వ్యాపకంగా పాకడానికి ఈ తారుమారు ఎంతో తోడ్పడింది. బెర్డాన్ గుల్ల చేతికొస్తే కొక్కెంతో ప్రైమర్‌ను పెకలించాలి, లేదా గుల్లలో నీళ్లు నింపి మూతికి సరిపోయే కడ్డీతో ఒక్క దెబ్బ వేయాలి. నీటి ఒత్తిడికే ప్రైమర్ బయటికొస్తుంది. అంత ఓపిక ఉన్నవాళ్లు తక్కువే.

పనిముట్లకూ ఒక వంశం ఉంది. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి, పట్టకారులాంటి చేతి పనిముట్లు అమ్మారు. బల్ల అక్కర్లేదు, దానికి బిగించే ప్రెస్ అనే నొక్కుడు యంత్రమూ అక్కర్లేదు. ఇల్లు దాటి రోజుల తరబడి వేటకు తిరిగేవాళ్లకు అవి ప్రాణం. తర్వాత రిచర్డ్ లీ తెచ్చిన లీ లోడర్ ఇంకా చవకైనది: గుల్లను ఒక దిమ్మ మీద నిలబెట్టి, లోపలికి కడ్డీ దించి, సుత్తితో తట్టడమే. ఇప్పుడు ప్రెస్‌లో బిగించే డై అనే అచ్చులోనే పిన్ను ఉంటుంది. ఒక్కసారి హ్యాండిల్ దించితే గుల్ల కొలత సరిదిద్దుకుంటుంది, ప్రైమరూ రాలిపోతుంది.

రెండు పనులూ ఒకేసారి అయిపోవడమే నాకు నచ్చని సంగతి. కొలత సరిచేయడానికి పెట్టే బలం పెద్దది. ప్రైమర్ ఎంత బిగువుగా ఉందో ఆ బలంలో కలిసిపోయి చేతికి తెలియదు. విడిగా, ప్రైమర్‌ను మాత్రమే తీసే డైతోనో చేతి పనిముట్టుతోనో చేసినప్పుడు తేడా ఇట్టే తెలుస్తుంది. మంచి గుల్లలో ప్రైమర్ కాస్త మొరాయిస్తుంది, తర్వాత టిక్కుమని వదులుతుంది. ఒత్తిడికి అడుగు సాగిపోయిన గుల్లలో అడ్డేమీ లేకుండా జారిపోతుంది. అలా జారిందంటే ఆ గుల్లను మళ్లీ నింపకూడదు. కొత్త ప్రైమర్‌ను అది పట్టి ఉంచలేదు, వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు తన్నుకొస్తుంది.

ఊడొచ్చిన ప్రైమర్‌నూ ఓసారి వెలుతురులో తిప్పి చూడాలి. గుండ్రంగా ఉండాల్సిన అంచులు చదునైపోయి మూల తేలాయా? పిన్ను గుంట చుట్టూ గట్టు లేచిందా? అంచు చుట్టూ నల్లని మసి ఉందా? ఇవి ఒత్తిడి ఎక్కువైందనో వాయువు కారిందనో అనుమానించమనే గుర్తులు. వీటినే నమ్ముకుని తీర్పు చెప్పలేం, ఒక్కో తుపాకీకి ఒక్కో స్వభావం. అయినా చూడకుండా చెత్తలో పారేయడం అన్యాయం.

సైన్యం వాడిన గుల్లల్లో ప్రైమర్ ఊడిపోకుండా చుట్టూ లోహాన్ని నొక్కి బిగిస్తారు. అక్కడ పిన్నులు వంగడం, విరగడం మామూలే. ఊడదీశాక కూడా ఆ నొక్కును సాపు చేస్తేనే కొత్త ప్రైమర్ లోపలికి వెళ్తుంది. గుల్ల అడుగు రంధ్రం కొలతా చూసుకోవాలి. మామూలుగా అది 2 మిల్లీమీటర్లు. గురిపోటీల్లో పేరున్న 6 పీపీసీ తూటా గుల్లలో 1.5 మాత్రమే. మామూలు పిన్నును అక్కడ బలవంతంగా దించితే ఇరుక్కుంటుంది. పేలకుండా మిగిలిన ప్రైమర్ కనబడితే సుత్తి మాట ఎత్తకూడదు.

కడగడానికి ముందే ప్రైమర్ తీసేయడం మేలు. అప్పుడే దాని గుంటలోని మసి కూడా పోతుంది, నీళ్లు లోపల నిలవవు. పాత రోజుల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, కాలాక మిగిలే ఉప్పు తుపాకీ గొట్టాన్ని తుప్పు పట్టించేది. ఇంకా పాతవాటిలోని పాదరసం ఇత్తడినే పెళుసు చేసేది. ఇప్పటి ప్రైమర్లలో ఎక్కువభాగం సీసం సమ్మేళనంతో చేసినవి. తుప్పు బెడద తీరింది గానీ ఆ మసిలో సీసం ఉంటుంది. అందుకే ఈ పని వంటగదిలో చేయకూడదు, చేస్తూ ఏదీ తినకూడదు, పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు, కడిగిన నీళ్లు పెరటి మొక్కలకు పోయకూడదు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అందువల్ల టెక్సాస్‌లోనో ఒహాయోలోనో స్థిరపడ్డ మన పిల్లలకు రీలోడింగ్ పక్కింటివాళ్ల గ్యారేజీలో మొదటిసారి ఎదురయ్యే ప్రపంచం.

ఆ ప్రపంచంలో నాకు ఎక్కువ గౌరవం, రైఫిల్‌ను బల్ల మీద ఆనించి గురిచూసే బెంచ్‌రెస్ట్ పోటీదారుల మీద. కొద్దిపాటి గుల్లలను వాళ్లు పోటీ సాగుతుండగానే, రౌండుకూ రౌండుకూ మధ్య, రేంజ్ పక్కన బల్ల మీద తిరిగి నింపుకుంటారు. గడియారం పరిగెడుతున్నా ప్రైమర్లను ఒక్కొక్కటిగానే తీస్తారు. ఏ గుల్ల చేతికి వదులుగా తగిలిందో దాన్ని మిగతావాటితో కలపకుండా అక్కడికక్కడే పక్కన పెట్టేస్తారు.