ముందు బ్రేకు ఏ చేతికి?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి మోటారు సైకిల్ నడిపి, ఉద్యోగానికి అమెరికా వెళ్లి, అక్కడ కొండదారులకని మౌంటెన్ బైక్ కొనుక్కునే తెలుగువాళ్లు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మన బండ్లకు ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. అక్కడి సైకిళ్లకు ఎడమచేతికి. కొనేవాళ్లు వేరేగా కోరితే తప్ప వెనక బ్రేకు కుడివైపే ఉండాలని అమెరికా భద్రతా నిబంధన. బ్రిటన్‌లో 2010 నాటి సైకిళ్ల నిబంధనలు ఇందుకు పూర్తిగా తలకిందులు.

రోడ్డు మీద నడిచే వైపును బట్టే ఈ తేడా వచ్చిందని చెబుతారు. ఎడమవైపు నడిచే చోట కుడికి తిరగాలంటే కుడిచెయ్యి చాచాలి. అప్పుడు హ్యాండిల్ మీద మిగిలే ఎడమచేతికి వెనక బ్రేకు ఉంటే పల్టీ కొట్టే ప్రమాదం తక్కువ. కుడివైపు నడిచే దేశాల్లో ఇదే లెక్క తిరగబడింది. మోటారు సైకిళ్లకు మాత్రం ఎక్కడైనా ముందు బ్రేకు కుడిచేతికే. అందుకే మోటోక్రాస్ నుంచి సైకిళ్లకు వచ్చినవాళ్లు లివర్లు అటుదిటు మార్పించుకునే ఆనవాయితీ మొదలైంది. దాన్ని 'మోటో' అమరిక అంటారు.

ఇది కేవలం ఇష్టాయిష్టాల సంగతి కాదు. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ఆ చక్రానిదే. బరువు తేలిపోయిన వెనక చక్రం తొందరగా జారుతుంది. కాబట్టి ముందుది తూచి నొక్కాలి. రాళ్ల దిగుడులో ఏ చెయ్యి ఏ చక్రానిదో ఆలోచించే వ్యవధి ఉండదు. వెనకది అనుకుని ముందుది గట్టిగా లాగితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు.

అమరిక మార్చుకోవాలంటే, తీగ బ్రేకులైతే తీగలు మార్చి కడితే సరిపోతుంది. హైడ్రాలిక్ బ్రేకు గొట్టంలో నూనె ఉంటుంది కనుక మొదట లివరును పరిశీలించాలి. శ్రామ్ గైడ్, హేస్ డొమినియన్ వంటి లివర్లు ఏ వైపైనా బిగుస్తాయి. గొట్టాల పొడవు చాలితే క్లాంపులు విప్పి లివర్లను అటుదిటు చేస్తే చాలు. శిమానో లివర్లు చాలావరకు కుడి, ఎడమ వేర్వేరు; వాటికి గొట్టాలే విప్పి మార్చాలి.

ఆ పని మొదలుపెట్టకముందే చక్రాలూ బ్రేకు ప్యాడ్లూ తీసి దూరంగా పెట్టాలి. ప్యాడ్ నూనె పీల్చుకుంటే ఇక పనికిరాదు. చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లో, ప్యాడ్ల చోట బ్లీడ్ బ్లాక్ అనే దిమ్మ ఉంచి, 8 మిల్లీమీటర్ల స్పానరుతో లివరు దగ్గరి గొట్టం నట్టు వదులు చేయాలి. గొట్టం కొసను నిటారుగా కోసి, కొత్త ఆలివ్ (గొట్టం చుట్టూ బిగిసే చిన్న వలయం), కొత్త ఇన్సర్ట్ (గొట్టం కొసలోకి దూర్చే ముక్క) వేయాలి. పాతవి మళ్లీ వాడితే కారుతుంది. శిమానో నట్టుకు 5 నుంచి 7 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు.

తర్వాతది బ్లీడింగ్, అంటే గొట్టంలో చేరిన గాలిని బయటికి పంపడం. లివరు మీద గరాటు బిగించి, క్యాలిపర్ వైపు నుంచి సిరంజితో నూనెను మెల్లగా పైకి నెట్టాలి. బుడగలు ఆగేదాకా గొట్టాన్ని తడుతూ, లివరును కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండాలి. గాలి ఇసుమంత మిగిలినా లివరు మెత్తగా లోపలికి పోతుంది. శిమానో, మగురా బ్రేకులకు మినరల్ ఆయిల్, శ్రామ్ మోడళ్లలో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్ వాడతారు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే రబ్బరు సీళ్లు చెడిపోతాయి. డాట్ రంగును తినేస్తుంది, తేమనూ పీల్చుకుంటుంది. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 180కి దిగిపోతుంది.

చివరగా అంతా తుడిచి, ప్యాడ్లూ చక్రాలూ తిరిగి పెట్టి, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి గొట్టం బిగుసుకోవడం లేదని చూడాలి. లివరు గట్టిగా పట్టి ఉంచి, జాయింట్లు కారుతున్నాయేమో చూశాకే బండి ఎక్కాలి. మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా తొక్కాలి.

చెయ్యి నేర్చుకున్నదాన్ని మరపించడం కంటే బండిని చేతికి తగ్గట్టు మార్చుకోవడమే క్షేమం. ఇంట్లోని బండ్లన్నిటికీ ఒకే అమరిక ఉంచుకోండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందు బ్రేకు ఏ చేతికి ఉందో చెప్పి మరీ ఇవ్వండి.