ఐదు బావులు ఒక్కమారు త్రవ్వవచ్చునా?
(క్షిపణుల కథపై ఒక విమర్శ)

మా కళాశాలలో సైన్సు చదువు విద్యార్థులలో ఆ పుస్తకమును ఎరుగనివారు అరుదు. ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారు అరుణ్ తివారీగారితో కలిసి వ్రాయగా 1999లో వెలువడిన ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ అను స్వీయచరిత్రము అది. తెలుగులోను వచ్చినది. కరవు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు అది ఎంతో ధైర్యము నిచ్చినదనుటలో సందేహము లేదు. అయినను అందలి ఒక ఘట్టమును మనము మరల పరీక్షింపవలసియున్నది. ఆయుధములు ఆలస్యముగా వచ్చుటకును, అనుకొన్నదానికంటె ఖర్చు మిక్కుటమగుటకును గల కారణము అందులోనే విత్తనమువలె దాగియున్నది. పుస్తకము మాత్రము దానిని విజయముగా వర్ణించినది.

ఆ ఘట్టమేదనగా: హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు 1982లో కలాంగారు సంచాలకులైరి. క్షిపణులను దశలవారీగా, ఒకదాని వెనుక ఒకటిగా తయారుచేయవలెనని ఆయనయు, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారైన వి.ఎస్. అరుణాచలంగారును ప్రతిపాదించిరి. రక్షణమంత్రి ఆర్. వెంకట్రామన్‌గారు అన్నింటిని ఒక్కమారే చేపట్టుడనిరి. వారిరువురు ఆ రాత్రి కూర్చుండి పథకమును తిరిగి వ్రాసిరి. 1983 జూలైలో ప్రభుత్వము 388 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని – ఐదును కలిసి బయలుదేరినవి.

తరువాత జరిగినది చూడుడు. త్రిశూల్ 1985 సెప్టెంబరులో మొదట ఎగిరినది. పృథ్వి 1988 ఫిబ్రవరిలోను, అగ్ని రెండుమార్లు ఆగిన పిమ్మట 1989 మే 22న ఎగిరినవి. ఆకాశ్, నాగ్ 1990లో ఎగిరినవి. పృథ్వి సైన్యమునకు చేరినది, అగ్ని వంశము వర్ధిల్లినది. కాని ఆకాశ్ సైన్యమున లాంఛనముగా చేరినది 2015లో. నాగ్ తుది పరీక్ష ముగిసినది 2020 అక్టోబరులో. త్రిశూల్ ఆయుధముగా రానేలేదు. 2008లో దానిని మూసివేసిరి. అది రానందున నౌకాదళము ఇజ్రాయెల్‌నుండి బరాక్ క్షిపణులను కొనవలసివచ్చినది.

ఇంత జాప్యమునకు ఉద్యోగుల అలసత్వమును, లంచమును కారణముగా చెప్పుట మనకు అలవాటు. అవి ఎక్కడనూ లేవని నేననను. కాని అందరును నిజాయితీపరులే అయినను ఈ జాప్యము తప్పెడిది కాదు. ఎట్లందువా? మా సీమ రైతును అడుగుడు.

అనంతపురము పీఠభూమిలో పైన కొంత మన్ను, దాని క్రింద శిథిలశిల, ఆ క్రింద గట్టి రాయి. నీరుండునది ఆ రాతి పగుళ్లలో. మూడువందల అడుగులలో నీరు పడునని లెక్కవేసి, అడుగున కింతయని రిగ్గు వానితో బేరమాడి రైతు బోరు వేయించును. మూడువందల అడుగులకు దుమ్ము తప్ప ఏమియు రాదు. అప్పుడతడు ఆపగలడా? పెట్టిన డబ్బు కళ్లయెదుట కనబడుచుండును. ఇంకొక నూరడుగులనును. అప్పు పెరుగును. ఆయుధ నిర్మాణమును ఇట్టిదే. అడుగున ఏమున్నదో తెలియకముందే లోతును, ధరను కాగితముపై వ్రాయుదురు. అయితే ఏ రైతును ఒక బావికి సరిపోవు సొమ్ముతో ఐదు బావులు ఒక్కమారు మొదలుపెట్టడు.

దీనిని చిన్న గణితముతో చూతము. ఒక క్షిపణిలో యంత్రము, ఇంధనము, మార్గదర్శకము, లక్ష్యమును పసిగట్టు కన్ను, రాడారు అని ఐదు భాగములు కలవనుకొందము. ఒక్కొక్కటి గడువులో పూర్తియగుటకు నూటికి 80 పాళ్లు అవకాశమున్నది. ఐదును గడువులో పూర్తియగుటకు అవకాశమెంత? నూటికి 33 పాళ్లు మాత్రమే. వెనుకబడిన భాగము ఒక్కటియైనను తక్కినవన్నియు దానికొరకు కాచుకొనవలెను. కాచుకొన్నంతకాలము జీతములు నడచుచుండును, ధరలు పెరుగుచుండును. ధరలు ఏటా నూటికి 8 చొప్పున పెరిగినచో తొమ్మిదేండ్లలో అదే పనికి రెట్టింపు ధనము కావలెను. పదునెనిమిదేండ్లలో నాలుగు రెట్లు.

నాగ్ సంగతి చూడుడు. శత్రు ట్యాంకు వెలువరించు వేడిని పరారుణ కిరణములద్వారా చూచి గురిపెట్టు క్షిపణి అది. ప్రయోగశాలలో ఆ కన్ను చక్కగా పనిచేయును. రాజస్థాన్ ఎడారిలో వేసవి మధ్యాహ్నమున ఇసుకయు, ట్యాంకును ఇంచుమించు ఒకే వేడికి వచ్చినప్పుడు దూరమునుండి దేనిని దేనినుండి వేరుచేయవలెను? మేనెలలో మా ఊరి బండరాయిపై చేయిపెట్టినవానికి ఈ చిక్కు వెంటనే తెలియును. కన్నును బాగుచేయుటకు ఏండ్లు పట్టినవి. ఇంతలో క్షిపణిని మోయు వాహనములో సైన్యము మార్పులు కోరినది. మార్పు జరిగిన ప్రతిమారు పరీక్షలు మరల చేయవలెను.

శాస్త్రజ్ఞుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. 1987లో ఏర్పడిన క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ ఒడంబడికవలన విదేశములనుండి రావలసిన భాగములు ఆగిపోయినవి. వానిని ఇక్కడనే తయారుచేసికొనవలసివచ్చినది. ఆ ఆలస్యము నేరము కాదు, నేర్చుకొనుటకు చెల్లించిన వెల.

ఈ వ్యాధి మనకే పరిమితము కాదు. అమెరికావారి ఎఫ్-35 విమానముల కార్యక్రమమునకు 2001లో వేసిన అంచనా 23,300 కోట్ల డాలర్లు. 2012నాటికి అది ఇంచుమించు 39,600 కోట్లైనది. కొనదలచిన విమానముల సంఖ్యయో తగ్గినది. అక్కడను పరీక్షలు ముగియకముందే తయారీ మొదలుపెట్టిరి.

మనము పాఠము నేర్చితిమా? నౌకలకు కావలసిన దీర్ఘశ్రేణి క్షిపణిని ఇజ్రాయెల్‌తో కలిసి చేయుటకు 2005 డిసెంబరులో 2,606 కోట్లు మంజూరైనవి. గడువు 2011 మే. తరువాత దానిని 2015 డిసెంబరునకు జరిపిరి. ఆ నెల చివరనే ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా నౌకనుండి తొలి ప్రయోగములు జరిగినవి. మరల ఒకే అంకె, ఒకే తేది, మరల జరుపుట.

“నిజమైన ఖర్చు చెప్పియుంటే ప్రభుత్వము ఒప్పుకొనెడిది కాదు, నేడు అగ్నియు ఉండెడిది కాదు” అని కొందరనవచ్చును. ఆ వాదములో కొంత సత్యమున్నది. కాని వ్యాధి మూలము అదియే. తక్కువ చెప్పినవానికే మంజూరు దొరకుచున్నంతకాలము అందరును తక్కువయే చెప్పుదురు. ఆ తేడాను చివరకు చెల్లించునది ఎవరు? క్షిపణి లేని ఓడపై కాపలా కాచిన నావికుడు.

కనుక మంజూరు కాగితముపై ఒక అంకెకు బదులు మూడంకెలుండవలెను: అన్నియు కలిసివచ్చిన ఇంత, మామూలుగా ఇంత, రాయి తగిలిన ఇంత. కష్టమైన భాగమును మొదట విడిగా చేసిచూపిన పిదపనే తక్కినదానికి ధనమీయవలెను. సైన్యము కోరికలు ఒక తేదీ తరువాత మారరాదు. ఎక్కడ ఆపవలెనో మొదలుపెట్టునాడే వ్రాసికొనవలెను.

పూర్వపు అనంతపురము జిల్లాలోని పాలసముద్రమువద్ద భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ భూమి తీసికొనియున్నది. మా విద్యార్థులలో కొందరు రేపు అట్టిచోట్ల పనిచేయుదురు. వారు కలాంగారి పుస్తకమును చదువవలసినదే. కాని ఒక్క రాత్రిలో పథకము మారిన ఆ పుటవద్ద ఆగి, ఆ రాత్రి ఎవరైనను “మాకు తెలియనిది ఎంత?” అని లెక్కవేసిరా అని అడుగవలెను. సంకల్పము శిలను పగులగొట్టుటకు బలమిచ్చును. శిల ఎంత లోతున నున్నదో మాత్రము చెప్పజాలదు. దానికి కొలత కావలెను.