రాయ్ అట్ట, బాపు బొమ్మ

బాపు గీతను గుర్తుపట్టడానికి తెలుగువాడికి కింద సంతకం అక్కర్లేదు. పెళ్ళి శుభలేఖ మీదైనా, నవల అట్ట మీదైనా, పాత వారపత్రిక మధ్య పేజీలోనైనా చప్పున తెలిసిపోతుంది. బెంగాలీ పాఠకుడికి సత్యజిత్ రాయ్ అక్షరం కూడా అలాగే తెలుస్తుంది. మనకు మాత్రం రాయ్ అంటే సినిమా. 'పథేర్ పాంచాలి' తీసిన మనిషి అంతకు ముందూ ఆ తర్వాతా పుస్తకాలకు అట్టలు వేశారని, ప్రకటనల కంపెనీలో నెలజీతానికి బొమ్మలు గీశారని చెబితే, ఆయన జీవితచరిత్రలో అదొక చిన్న ముచ్చటగా విని ఊరుకుంటాం. ఇద్దరినీ ఒకచోట తలుచుకున్నప్పుడు కూడా 'బొమ్మలు వేయగల దర్శకులు' అంటుంటారు. ఆ మాట నాకు తలకిందులుగా తోస్తుంది. ఇద్దరూ మొదట అచ్చు కోసం, గడువు లోపల, అడిగినవాళ్ళ అవసరానికి బొమ్మ వేసిన వృత్తి కళాకారులు. ఈనాటి మాటలో గ్రాఫిక్ డిజైనర్లు. వాళ్ళ గీతకు ఆ రూపం ఇచ్చింది ఆ కొలువులే.

రాయ్ అచ్చుయంత్రాల ఇంట్లో పుట్టారు. తాత ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి హాఫ్‌టోన్ బ్లాకుల మీద ప్రయోగాలు చేసి పరిశోధన వ్యాసాలు రాసిన మనిషి. 1913లో 'సందేశ్' అనే పిల్లల పత్రిక పెట్టారు. తండ్రి సుకుమార్ రాయ్ ముద్రణ విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండు వెళ్ళి వచ్చారు. రాయ్ శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చదివి, కోర్సు పూర్తి చేయకుండానే 1942లో బయటికొచ్చారు. 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో చేరారు. పేరు జూనియర్ విజువలైజర్, జీతం నెలకు 80 రూపాయలు. ఆ ఆఫీసులో తెల్లవాళ్ళ జీతాలు వేరు, మనవాళ్ళ జీతాలు వేరు. పని ఇష్టమే గాని, ప్రకటనలిచ్చే ఖాతాదారుల తీరు మీద ఆయనకు మంచి అభిప్రాయం ఉండేది కాదు. ఇది చదివితే ఇవాళ్టి ఏజెన్సీ కుర్రాడు ఎవరైనా తన కథే అనుకుంటాడు.

బాపు దారి వేరు. ఇంట్లో ప్రెస్సు లేదు, వెనక చిత్రకళాశాల లేదు. 1933లో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ మద్రాసులో పెరిగి, చిన్నప్పుడే ముళ్ళపూడి వెంకటరమణతో జతకట్టి, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు నడిపిన 'బాల' పత్రికలో బొమ్మలు మొదలుపెట్టారు. 1955లో లా పట్టా చేతికొచ్చింది. నల్లకోటు వేసుకోలేదు, ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. తర్వాత మద్రాసులోనే జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల కంపెనీలో కూడా కొంతకాలం పనిచేశారు. రాయ్‌కి బడి కళాభవన్ అయితే, బాపుకి బడి పత్రికాఫీసు. రాయ్ సిద్ధాంతం నేర్చుకుని పనిలోకి దిగారు. బాపు పనిలో పడి, తోచిన సిద్ధాంతాన్ని గీతలోనే దాచుకున్నారు.

ఇంత తేడా ఉన్నా ఇద్దరి చేతుల్నీ దిద్దినది ఒకటే, జింకు బ్లాకు. ఆనాటి పద్ధతి తెలియకపోతే ఆ గీత విలువ సగమే తెలుస్తుంది. బొమ్మను నల్ల ఇండియన్ ఇంకుతో అచ్చులో కనిపించేదానికన్నా పెద్దగా వేసి ఇవ్వాలి. బ్లాకుమేకరు దాన్ని కెమెరాతో చిన్నది చేసి జింకు రేకు మీదికి ఎక్కించి, గీత లేనిచోటల్లా ఆమ్లంతో తినిపిస్తాడు. లైను బ్లాకులో నలుపూ తెలుపే తప్ప మధ్య రంగు లేదు. గీతలు మరీ దగ్గరగా ఉంటే న్యూస్‌ప్రింటు మీద సిరా అలుక్కుని ముద్దవుతుంది. మరీ సన్నగా ఉంటే మధ్యలో తెగిపోతుంది. రంగు కావాలంటే ఒక్కో రంగుకి ఒక్కో బ్లాకు, యంత్రం మీద మరో విడత. ఖర్చు చూసి ప్రచురణకర్త రెండో రంగు దగ్గరే ఆగిపోతాడు. ఇలాంటి బ్లాకుకు వేసే గీతలో తడబాటుకు చోటు లేదు. బాపు వేసిన ఆడపిల్ల జడను చూడండి. మెడ దగ్గర మొదలైన నలుపు నడుము దాకా ఒక్క ముద్దగా దిగుతుంది, పక్కన ముఖమంతా తెల్లగా వదిలేసి, కన్ను ఒక్కటే నల్లగా తేలుతుంది. ఆ పొదుపు అందం కోసమే పుట్టిందని అనుకుంటాం. నాసిరకం కాగితం మీద కూడా చెడకుండా నిలవాలన్న అవసరం అందులో అంతకు తక్కువేమీ లేదు. అలాగే 1940ల నడుమ, 'పథేర్ పాంచాలి' పిల్లల సంక్షిప్త ప్రతికి రాయ్ వేసిన బొమ్మలు చెక్కమీద చెక్కినట్టు, నలుపూ తెలుపూ ముక్కలుగా ఉంటాయి. వానలో ఒకరినొకరు హత్తుకున్న అక్కాతమ్ముళ్ళు తెరకెక్కడానికి ముందే అక్కడ కనిపిస్తారు.

రెండో పోలిక అక్షరాలది. ఆ రోజుల్లో తెలుగు ప్రెస్సుల్లో గాని, బెంగాలీ ప్రెస్సుల్లో గాని శీర్షికలకు పనికొచ్చే పెద్ద టైపులు బహు తక్కువ. పుస్తకం పేరు అందంగా ఉండాలంటే చేత్తో రాయక తప్పదు. ఇక్కడ ఇద్దరూ విడిపోతారు. బెంగాలీ అక్షరాల నెత్తిన శిరోరేఖ ఉంటుంది, మాట మొత్తాన్నీ ఒక దూలానికి వేలాడదీసినట్టు. రాయ్ ఆ దూలాన్ని వంచారు, తెంచారు, కుంచె దెబ్బగా మార్చారు. అయితే ఎప్పుడూ కట్టడం చూసే కళ్ళతోనే చూశారు. 'ఎక్షణ్' అనే సాహిత్య పత్రిక పేరు బెంగాలీలో మూడే అక్షరాలు. ఆ మూడింటినే సంచికకో రూపంలో కూర్చి, ఏళ్ళ తరబడి వేరే బొమ్మ అవసరం లేని అట్టలు వేశారు. ఒక అక్షరం ఎంతవరకు సాగితే ఇంకా అక్షరంగానే మిగులుతుందో తెలుసుకోవాలనుకునే విద్యార్థికి ఆ అట్టల వరస చాలు.

తెలుగుకి అలాంటి దూలం లేదు. ఏ అక్షరానికా అక్షరం గుండ్రంగా విడిగా కూర్చుంటుంది. పైన తలకట్టు, గుడి, కింద వత్తు, మూడంతస్తుల వ్యవహారం. సీసపు టైపులో పెద్ద సైజుకి వెళ్తే మధ్య ఖాళీలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బాపు దీన్ని కట్టడంగా చూడలేదు, చేతిరాతగా చూశారు. గుండ్రాన్ని కాస్త నొక్కి, నిలువుగా లాగి, తలకట్టును ఒక విసురుగా విసిరి, వత్తును పక్క అక్షరం కిందికి జరిపి ఖాళీ పూడ్చారు. అక్షరాలు ఒకే గీత మీద బుద్ధిగా నిలబడవు, ఒకటి కాస్త ఎగిరితే పక్కది ఒదుగుతుంది. రాయ్ అక్షరం దగ్గర మనం ఆగి ఆలోచిస్తాం. బాపు అక్షరం అప్పుడే ఎవరో నోటితో పలికినట్టుంటుంది. తెలుగు మాట్లాడే తీరులోని ఆ ఊపు అచ్చులో కనబడటం నాకు ఆయన దగ్గరే మొదట తెలిసింది.

అట్ట విషయానికొస్తే రాయ్‌కి సాటి చెప్పడం కష్టం. జిమ్ కార్బెట్ కుమావూ పులుల పుస్తకానికి బెంగాలీ అనువాదం వచ్చినప్పుడు ఆయన అట్ట మొత్తాన్నీ పులిచర్మం చేశారు. ముందు అట్ట మీద తూటా దిగిన రంధ్రం చిన్నది, వెనక అట్ట మీద తూటా బయటికి పోయిన రంధ్రం పెద్దది. అక్షరాలకు చోటు ఆ రంధ్రాల్లోనే. పుస్తకాన్ని చేతిలో తిప్పితే తూటా దాన్ని దాటి వెళ్ళినట్టే. రామకృష్ణ పరమహంస మీద అచింత్యకుమార్ సేన్‌గుప్తా రాసిన పుస్తకానికి భక్తులు భుజాన వేసుకునే నామావళి ఉత్తరీయాన్నే అట్టగా మలిచారు. నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' 1946లో సిగ్నెట్ ప్రెస్ నుంచి వచ్చినప్పుడు అట్ట వేసిందీ ఆయనే. ప్రతి పుస్తకానికీ కొత్త ఆలోచన, కొత్త చేయి. ఒక్కోసారి ఆ ఆలోచనే ముందుకొచ్చి నిలబడి, పుస్తకం తడి కాస్త వెనక్కి పోతుందని కూడా అనిపిస్తుంది.

బాపు బలం మరోచోట ఉంది. వారం వారం వచ్చే బొమ్మ ఆయన అసలు రంగస్థలం. శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' ఆంధ్రజ్యోతి వారపత్రికలో వస్తున్నప్పుడు వాటికి బాపు బొమ్మలు వేశారు. ఒకే ఊరు, అదే కృష్ణ, అదే గుడి. అయినా ఏ కథ బొమ్మ ఆ కథదే. కథకుడు చెప్పకుండా వదిలిన క్షణాన్ని పట్టుకోవడం ఆయన అలవాటు. రాయ్ పుస్తకానికి ఒక సంకేతం వెతికితే, బాపు కథకు ఒక మనిషిని వెతికారు. మరి బాపు దగ్గర వెలితి లేదా అంటే, ఉంది. ఆ సోగకళ్ళ అమ్మాయి ఎంతగా మనసు దోచిందంటే, 'బాపు బొమ్మ' భాషలో మాటైపోయింది, ఆమె తగని నవలల అట్టల మీదికి కూడా వచ్చి కూర్చుంది. పాఠకుడు అడిగాడు, ప్రచురణకర్త అడిగాడు, గడువు తరిమింది. రాయ్ శైలి మార్చుకోవడానికి తీరిక దొరికిన మనిషి, బాపు శైలి మార్చనివ్వని అభిమానం మధ్య బతికిన మనిషి.

ఆ తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి. కీమర్‌లో రాయ్‌కి పైఅధికారి డి.కె. గుప్తా. ఆయనే 1943లో సిగ్నెట్ ప్రెస్ పెట్టి, అట్టల పని పూర్తిగా రాయ్ చేతికి వదిలేశారు. ఆఫీసులో ఖాతాదారు దగ్గర దొరకని స్వేచ్ఛ పక్క పనిలో దొరికింది. అలాగే బాపుకి ఎమెస్కో ఎం.ఎన్. రావు దొరికారు, పురాణం సుబ్రహ్మణ్యశర్మ లాంటి సంపాదకులు దొరికారు, అన్నిటికీ మించి బొమ్మకు మాట అందించే రమణ జీవితాంతం దొరికారు. కీమర్ కంపెనీ పనిమీద 1950లో లండన్ పంపితే రాయ్ అక్కడ తనివితీరా సినిమాలు చూసి వచ్చారు. 'పథేర్ పాంచాలి'ని 1952లో ఆఫీసు సెలవు రోజుల్లో మొదలుపెట్టారు. సినిమా విడుదలయ్యేదాకా ఉద్యోగం వదల్లేదు. 1967లో 'సాక్షి' తీశాక కూడా బాపు కుంచె కింద పెట్టలేదు. ఇద్దరూ షాట్లను ముందే బొమ్మలుగా వేసుకుని సెట్‌కి వెళ్ళారు. రాయ్ ఎర్రగుడ్డ అట్ట ఖాతాపుస్తకాలు, బాపు స్టోరీబోర్డులు పక్కపక్కన పెడితే, లేఅవుట్ వేసే అలవాటే సినిమాలోకి నడిచొచ్చిందని ఇట్టే తెలుస్తుంది.

ఇప్పటి డిజైనరు ముందు జింకు బ్లాకు లేదు. కోట్ల రంగులు, వందల ఫాంట్లు, తప్పు చేస్తే వెనక్కి తీసుకునే మీట ఉన్నాయి. బాపు చేతిరాతను ఫాంట్లుగా మలిచారు, రాయ్ స్వయంగా రాయ్ రోమన్, రాయ్ బిజార్, డాఫ్నిస్, హాలిడే స్క్రిప్ట్ అనే నాలుగు ఇంగ్లీషు టైపులు తీర్చారు. అవన్నీ మంచివే. కాని ఫాంటులో 'క' ఎన్నిసార్లు కొట్టినా ఒకటే 'క'. బాపు చేతిలో పక్క అక్షరాన్ని బట్టి 'క' మారేది, రాయ్ చేతిలో సంచికను బట్టి మారేది. ఈ మాట డీటీపీ కుర్రాళ్ళను తక్కువ చేయడానికి అనడం లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో సాయంత్రం ఏడింటికి అట్ట అడిగి, పొద్దున్నకి మూడు ఆప్షన్లు కావాలని, డబ్బు మాత్రం పుస్తకం అమ్ముడయ్యాక చూద్దామని అంటే రాయ్ అయినా, బాపు అయినా చేయగలిగింది కొంచెమే. వాళ్ళకున్న ఇబ్బందులు పరికరాలవి, వీళ్ళకున్నవి నమ్మకానివి. నా లెక్కలో రెండోదే పెద్ద ఇబ్బంది.

అందుకే తెలుగు ప్రచురణకర్తలకు రెండు విన్నపాలు. పుస్తకం లోపలి పేజీలో ముద్రాపకుడి పేరు వేస్తున్నారు, డీటీపీ సెంటరు పేరు వేస్తున్నారు; అట్ట వేసినవారి పేరు కూడా తప్పక వేయండి, వారికి ఇవ్వాల్సింది పుస్తకం అచ్చుకు వెళ్ళేలోపే ఇవ్వండి. గ్రంథాలయాలవారికి మరొకటి: పాత పుస్తకాలకు కాలికో బైండింగు చేయించేటప్పుడు ముఖచిత్రాన్ని చించి పారేయకండి, లోపల అతికించి ఉంచండి. బాపు అట్టలు ఎన్నో మనం అలాగే పోగొట్టుకున్నాం.