శంక స్థాయి కాగలదా? హర్లీ నవలలయందలి భయానకము

ఇంగ్లండు దేశమున ఇటీవల ఒక కథాశాఖ మిక్కిలి ప్రచారమునకు వచ్చినది. మారుమూల పల్లె, అచ్చటివారు విడువని పాత ఆచారము, మన్ను త్రవ్వగా బయటపడు ఎముక, వచ్చినవానిని మౌనముగా గమనించు జనము: ఇవి దాని సామగ్రి. దీనిని వారు ‘ఫోక్ హారర్’ అనుచున్నారు. ‘ది బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’ అను తన 1971 నాటి చలనచిత్రమును గూర్చి దర్శకుడు పియర్స్ హాగర్డ్ 2003లో ఈ మాట వాడెను. 2010లో మార్క్ గాటిస్ బి.బి.సి. కార్యక్రమమొకదానియందు దీనిని ప్రసిద్ధమొనర్చెను. ఇప్పుడు నవలలకును ఈ పేరే చెల్లుచున్నది. ‘జానపద భయానకము’ అని తెలిగించుట సులభమే. కాని ఆ రెండు పదములలో మొదటిది ఎంతవరకు నిజమో, రెండవది ఏ అర్థమున సరిపడునో విచారింపకుండ ఆ పేరును స్వీకరింపరాదని మా అభిప్రాయము.

మొదటి పదమును ముందు చూతము. ఈ కథలలోని ‘జానపదము’ పల్లెలనుండి నేరుగా వచ్చినది కాదు. చాలవరకు గ్రంథాలయములనుండి వచ్చినది. జేమ్స్ ఫ్రేజరు ‘ది గోల్డెన్ బౌ’ మొదటి ముద్రణము 1890లో వెలువడినది. పంటకొఱకు నరుని బలియిచ్చు ఆచారములను గూర్చి ఆతడు చేసిన ఊహలు ఆంగ్ల కథకులకు అక్షయపాత్రములైనవి. క్రైస్తవమునకు పూర్వపు మతమొకటి మంత్రగత్తెల రూపమున రహస్యముగా నిలిచినదని మార్గరెట్ మర్రే 1921లో ప్రతిపాదించెను. చరిత్రకారులు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. కథకులు మాత్రము విడువలేదు. శాస్త్రమున ఓడిన సిద్ధాంతము కథలో గెలుచుట వింత కాదు. కాని బిరుదురాజు రామరాజుగారి నాటినుండి, పాడినవారిని, చెప్పినవారిని వెదకికొని పోవుట నేర్చిన మనకు ఇచ్చట ఒక లోటు తప్పక కనబడును. ఈ ఆచారములను చెప్పినవారెవరు? ఏ యూరివారు? ఆ ప్రశ్నకు సమాధానము లేదు. జానపదుని నోట కవి తన కల్పనను ఉంచుచున్నాడు.

ఇందువలన పల్లెవారికి అన్యాయము జరుగునన్నది కాదనజాలము. డేవిడ్ పిన్నర్ వ్రాసిన ‘రిచువల్’ (1967) నవలనుండి పుట్టిన ‘ది వికర్ మాన్’ (1973) చిత్రమున ద్వీపవాసులందఱును కూడి, అన్యుడైన రక్షకభటుని బలియిచ్చిరి. ప్రేక్షకుడు ఆ భటునితో వచ్చి, ఆతని కన్నులతో చూచి, ఆతనితో భయపడును. భయము ‘వారి’ వలన ‘మన’కు కలుగుచున్నది. ఈ మార్గమున నడచిన రచనలు పెక్కు. వానిని గూర్చి ఇంతకంటె చెప్పుట అనవసరము.

ఆండ్రూ మైకేల్ హర్లీ మార్గము వేఱు. ఆతని ప్రథమ నవల ‘ది లోనీ’ని 2014లో టార్టరస్ ప్రెస్సువారు మున్నూరు ప్రతులు మాత్రమే ముద్రించిరి. మఱుసటి యేట జాన్ మర్రే సంస్థ దానిని మరల ప్రకటింపగా, ప్రథమ నవలకు ఈయబడు కోస్టా బహుమతి (2015) దానికి లభించినది. వైర్, లూన్ నదుల నడుమ లాంకషైరు సముద్రతీరమున కథ నడచును. లండనునందలి ఒక కథోలిక భక్తబృందము ఈస్టరు దినములలో అచ్చటి పుణ్యక్షేత్రమునకు వచ్చును. అందఱి ఆశయును ఒక్కటే: మాటరాని బాలుడు హానీకి మాట రావలెను. తల్లి ఉపవాసములు, జపములు, పుణ్యతీర్థము, అన్నియు వ్యర్థమైనవి. మాట వచ్చినది, కాని వచ్చినది క్షేత్రమున కాదు. ఆటుపోటుల మధ్యనున్న దీవిలో, ఒక ఇంటి నేలమాళిగలో, ఒక శిశువును మూల్యముగా గొని కొందఱు జరిపిన క్రియవలన వచ్చినది.

ఈ కథ చెప్పువాడు హానీ సోదరుడు. ఆతడు అన్యుడు కాడు, బలిపశువు కాడు, బలియిచ్చినవాడును కాడు. ఆతడు లాభము పొందినవాడు. సోదరుడు స్వస్థుడై, భార్యాపుత్రులు కలవాడై, దైవమహిమను బోధించు పాస్టరై వర్ధిల్లుచుండగా, ఆ మహిమ ఎచ్చటిదో ఎఱిగిన కథకుడు దశాబ్దములుగా నోరు మెదపక ఆతనికి కావలి కాయుచున్నాడు. కొండచరియ విఱిగి దీవిలో ఒక శిశువు అవశేషములు బయటపడుటతో నవల మొదలగును. అనగా మొదటి పుటనుండియు చదువరి వినుచున్నది భయపడినవాని కథ కాదు. పట్టువడుదునేమోయని శంకించువాని కథ.

ఇచ్చటనే ‘భయానక’ పదమును పరీక్షింపవలసియున్నది. భరతుడు భయానక రసమునకు చెప్పిన విభావములు వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కల గుడ్లగూబల కూతలు, శూన్యగృహము, అరణ్యము మున్నగునవి. ‘ది లోనీ’లో ఇవి లేకపోలేదు. ఎడతెగని వాన, ఊబియిసుక, పాడుపడిన ఇల్లు కలవు. కాని అవి ఉద్దీపనములు మాత్రమే. వానిని తీసివేసినను కథ నిలుచును. కథకుని మౌనమును తీసివేసినచో నిలువదు. ఆ మౌనమునకు పేరు శంక. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో శంకను లక్షణీకరించుచు భరతుడు దానికి కారణములుగా దొంగతనము, రాజాపరాధము, పాపకర్మాచరణము మున్నగువానిని చెప్పెను. మాటిమాటికి అటునిటు చూచుట, నోరెండుట, ముఖవర్ణము మాఱుట, గొంతు పూడుకొనిపోవుట దాని అనుభావములు. భయము బయటినుండి వచ్చును. శంక తాను చేసినదానినుండి, లేదా చేయనిచ్చినదానినుండి పుట్టును. హర్లీ కథకుని లక్షణమంతయు ఇందులోనే కలదు.

వ్యభిచారి స్థాయి యెట్లగునని ఆలంకారికులు ఆక్షేపింపవచ్చును. నీటిపై బుడగవలె పుట్టి అణగునది రసమునకు ఆధారము కాజాలదందురు. కాని ఆ వ్యభిచారులలోనే మొదట లెక్కింపబడిన నిర్వేదమును మమ్మటుడు శాంతరసమునకు స్థాయిగా అంగీకరించెను. నిర్వేదాదులును ఆస్వాదయోగ్యములగుటచే రసములే యని రుద్రటుడు అంతకుముందే పలికియుండెను. పూర్వులు ఒకదానికి తలుపు తెఱచిరి. శంకకు ఆ తలుపు ఎందుకు మూయవలెనో మాకు తోచుట లేదు. నాటకమున శంక ఒక అంకములో పుట్టి మఱియొక అంకమున తీఱవచ్చును. ముప్పదియేండ్ల మౌనమును మోయగల నవలలో అది సంచరించునది కాదు, కాపురముండునది.

‘డెవిల్స్ డే’ (2017) ఈ భావమును మఱియొక దిక్కునకు నడపినది. నూఱేండ్లకు పూర్వము సైతాను ఒక గొఱ్ఱెను చంపి, దాని ఉన్నిని కప్పుకొని మందలో దాగి పల్లెకు దిగెనని ఎండ్లాండ్సు రైతుల నమ్మకము. ఏటేట గొఱ్ఱెలను కొండనుండి దింపుటకు ముందు వాడు రాకుండ ఒక వేడుక జరుపుదురు. తాత అంత్యక్రియలకు వచ్చిన జాన్ పెంటెకోస్టు, గర్భవతియైన భార్య ఇష్టమును లెక్కింపక అచ్చటనే నిలిచిపోవును. ఈ నవల దీర్ఘమైనది, నడుమ కొంత సడలినది. గొఱ్ఱెలకాపరుల దినచర్య వర్ణనము మాత్రము శ్రద్ధగలది. పనిచేయు చేతులను ఎఱిగిన రచయిత మాత్రమే అట్లు వ్రాయగలడు. పల్లెవారు ఇచ్చట భూతములు కారు; భూమిని విడువలేని కుటుంబీకులు. జాన్ భార్యయే అన్యురాలు. ఆమె కన్నులతో చూచినచో ఇది ‘వికర్ మాన్’ వంటి కథయే. హర్లీ మనలను ఆమెతో చేర్పక భర్తతో చేర్చినాడు. భార్యను నిలుపుకొనుటకు ఆతడు చెప్పు ప్రతి ప్రేమవాక్యమునందును వల పన్నువాని సద్దు వినబడును.

‘స్టార్వ్ ఏకర్’ (2019) మూడింటిలో చిన్నది, బిగువైనది. యార్క్‌షైరు లోయలలో అయిదేండ్ల కుమారుని కోల్పోయిన దంపతులు రిచర్డు, జూలియెట్. పూర్వము ఉరికంబముగా వాడబడిన చెట్టు వేళ్ళకొఱకు రిచర్డు తన పొలమును త్రవ్వుచుండగా ఒక కుందేటి ఎముకలు దొరకును. ఆ ఎముకలకు క్రమక్రమముగా మాంసము పట్టుట ఈ నవలలోని వింత. తమ స్థానము కానిచోట ఒకటి ఉండుటయే వింత స్వరూపమని మార్క్ ఫిషర్ 2016లో వెలువడిన తన గ్రంథమున నిర్ణయించెను. కుందేలు విషయమున ఆ నిర్ణయము చక్కగా సరిపోవును. కాని ఫిషర్ లక్షణము వస్తువును చెప్పునుగాని చూచువానిని చెప్పదు. ఎముకలకు చర్మము మొలచుట చూచిన రిచర్డు పరుగెత్తి పోడు, గ్రామస్థులను పిలువడు. దానిని ఇంటిలోనికి తెచ్చును. ఒక ఆచార్యుడు, చరిత్ర బోధించువాడు, ఇట్లు చేయుటకు పాతకాలపు ఏ మతమును కారణము కాదు. పుత్రశోకమొక్కటే చాలును. కరుణమునుండి భయానకము ఇంత సమీపమున పుట్టుట మేము మఱియొక నవలయందు చూడలేదు.

షర్లీ జాక్సన్ ‘ది లాటరీ’ కథ 1948లో ‘ది న్యూయార్కర్’ పత్రికయందు వెలువడినప్పుడు పాఠకులనుండి వందలకొలది ఉత్తరములు వచ్చినవి. కొందఱు అట్టి ఆచారము ఎచ్చట జరుగుచున్నదో చెప్పుడని నిజముగనే అడిగిరి. ఆ కథలోను అన్యుడు లేడు. ఏటేట చీటి తీయువారందఱును ఇరుగుపొరుగువారే. తనకు చీటి రానంతవరకు చంపబడు స్త్రీయు పరిహాసములాడుచునేయుండెను. హర్లీకి వంశకర్తను వెదకినచో ఫ్రేజరు గ్రంథమున కంటె ఆ కథలో వెదకుట మేలు. అందలి పల్లెవారు రాళ్ళు ఏరుకొనునప్పుడు, చనిపోవుచున్న స్త్రీ కుమారునిచేతను ఎవరో కొన్ని గులకఱాళ్ళు పెట్టిరి.